లైబ్రరీల చిరునామా: కంపైలరు తొడుగుల చరిత్ర

ఒక ఊరిలో రామారావు అను పేరుగలవారు ముగ్గురున్నారనుకొందము. "రామారావుగారికి" అని మాత్రము వ్రాసి జాబు వేసినచో పోస్టుమాను తనకు మొదట తటస్థపడిన రామారావుగారి చేతిలో దానిని పెట్టును. చాలసార్లు అది చేరవలసినవారికే చేరవచ్చును. చేరని నాడు తప్పెవరిది? వ్రాసినవాడు పేరు సరిగానే వ్రాసెను. పోస్టుమాను తన అలవాటు చొప్పుననే వీధులు తిరిగెను. లోపమంతయు చిరునామా లేకపోవుటలోనే ఉన్నది.

కంప్యూటరు ప్రోగ్రాములకు కూడ సరిగా ఇట్టి చిక్కే గలదు. ఏ ప్రోగ్రామును తన పని అంతయు తానే చేసికొనదు. వర్గమూలము కట్టుట, అక్షరములను తెరపై వ్రాయుట, సమాచారమును రహస్యలిపిలోనికి మార్చుట వంటి పనులకు అది ఇతరులు వ్రాసిన లైబ్రరీలపై ఆధారపడును. ఆ లైబ్రరీని ప్రోగ్రాము పేరుతో మాత్రమే పిలిచెడి పక్షమున ఆ పేరుగలవి రెండు మూడు ఉన్నపుడు ఏది దొరకును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు శాస్త్రజ్ఞులు డెబ్బదియైదేండ్లుగా చేసిన కృషియే ఈ కథ.

కాగితపు పట్టీల బీరువా

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో మారిస్ విల్క్స్ నాయకత్వమున నిర్మింపబడిన ఎడ్సాక్ అను యంత్రము 1949 మే 6వ తేదీన తన మొదటి ప్రోగ్రామును నడిపెను. యంత్రము సిద్ధమైన కొలది దినములకే ఒక సంగతి తేటపడినది. ప్రోగ్రాము వ్రాయుట కన్న అందలి తప్పులు పట్టుకొనుట కష్టము. తన శేషజీవితములో చాలభాగము సొంత ప్రోగ్రాములలోని పొరపాట్లు వెదకుటకే సరిపోవునని తనకు ఆనాడే తోచినట్లు విల్క్స్ పిమ్మట తన స్మృతులలో వ్రాసికొనెను.

దీనికి ఉపాయము, ఒకరు కష్టపడి సరిచూచిన భాగమును అందరును వాడుకొనుట. అట్టి భాగములకు సబ్‌రొటీనులని పేరు. అక్కడ పరిశోధక విద్యార్థిగా నున్న డేవిడ్ వీలర్ ఈ పద్ధతికి రూపమిచ్చెను. ఒక్కొక్క సబ్‌రొటీనును కాగితపు పట్టీపై రంధ్రములుగా పొడిచి, పట్టీలను ఒక బీరువాలో వరుసగా భద్రపరచిరి. కావలసినవాడు తనకు కావలసిన పట్టీని తీసి, దాని నకలును తన ప్రోగ్రాము పట్టీపై యంత్రసహాయమున ఎక్కించుకొనెడివాడు. 1951 నాటికి ఆ బీరువాలో 87 సబ్‌రొటీనులు చేరినవి. ఆ యేడే విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ కలిసి ఈ పద్ధతిని వివరించు గ్రంథమును ప్రకటించిరి.

ఇందులో ఒక సూక్ష్మమున్నది. ఒక సబ్‌రొటీను ఒకరి ప్రోగ్రాములో 50వ గదిలో మొదలుకావచ్చును. ఇంకొకరి ప్రోగ్రాములో 200వ గదిలో మొదలుకావచ్చును. అందలి ఆజ్ఞలలోని సంఖ్యలను ఎవరు మార్చవలెను? యంత్రమే మార్చునట్లు వీలర్ తన ప్రారంభాజ్ఞలను తీర్చెను. మొదటి కూర్పున 31 ఆజ్ఞలు, ఆ సంవత్సరమే వచ్చిన రెండవ కూర్పున 41 ఆజ్ఞలు ఉండెను. పట్టీ చదువుచున్నపుడే చోటును బట్టి సంఖ్యలను సవరించు పనిని ఈ రెండవ కూర్పు చేసెడిది. ఇప్పటి లింకరు అను ప్రోగ్రామునకు మూలపురుషుడు ఈ 41 ఆజ్ఞలే యనవచ్చును.

ఆ కాలమున అన్వేషణ సమస్య లేదు. బీరువా ఒక్కటి. వెదకువాడు మనిషి. ఏ పట్టీ తీసినదీ అతడు కంటితో చూచెడివాడు.

కంపైలరు అను మాటకు తొలి అర్థము

ఆ మనిషిని తప్పించి ఆ పనిని యంత్రమునకే అప్పగించినది అమెరికాలో గ్రేస్ హాపర్. యూనివాక్ యంత్రముపై ఆమె తయారుచేసిన ఏ-0 అను ప్రోగ్రామును గూర్చి 1952 మే నెలలో పిట్స్‌బర్గ్ నగరమున జరిగిన సభలో ఆమె వివరించెను. గ్రంథాలయములో పుస్తకములకు సంఖ్యలున్నట్లే అందు ప్రతి సబ్‌రొటీనునకు ఒక పిలుపుసంఖ్య ఉండెను. ఆ సంఖ్యలను వరుసగా ఇచ్చినచో యంత్రము తానే అయస్కాంతపు టేపునుండి ఆయా భాగములను ఏరి, కూర్చి, పూర్తి ప్రోగ్రామును సిద్ధపరచును.

ఆమె దీనికి కంపైలరు అని పేరు పెట్టెను. ఆ మాటకు సంకలనకర్త అని అర్థము. పద్యములు ఏరి సంకలనము కూర్చువానివలె ఇది సబ్‌రొటీనులను ఏరి కూర్చును. నేడు కంపైలరు అనగా మనిషి వ్రాసిన భాషను యంత్రభాషలోనికి మార్చు సాధనమని అర్థము. 1957లో ఐబీఎం సంస్థలో జాన్ బేకస్ బృందము ఫోర్ట్రాను భాషను వెలువరించిన పిమ్మట ఈ అర్థమే స్థిరపడెను. ఏరి కూర్చు పని లింకరు పాలబడినది. అనువాదము ఒకరిది, సంకలనము వేరొకరిది. ఈ శ్రమవిభజనతోనే అసలు చిక్కు మొదలైనది.

యూనిక్సు అరలు

బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీలు రూపొందించిన యూనిక్సు వ్యవస్థకు 1971 నవంబరులో వెలువడిన మొదటి కరదీపికలోనే ఎల్‌డీ అను లింకరు కనబడును. 1979 నాటి ఏడవ కూర్పు వచ్చుసరికి దాని నియమము స్పష్టముగా నిలిచినది. అడ్డగీత పెట్టి ఎల్ అను చిన్న అక్షరమును, దాని ప్రక్కన లైబ్రరీ పేరును వ్రాసినచో లింకరు మొదట లిబ్ అను డైరెక్టరీలో చూచును. అక్కడ లేనిచో యూఎస్ఆర్ క్రిందనున్న లిబ్‌లో చూచును. మొదట దొరికినది మొదట తీసికొనును. ఈ వరుసక్రమమునకే అన్వేషణ మార్గమని పేరు. తరువాత అడ్డగీతతో పెద్ద ఎల్ అక్షరము చేరినది. దానితో వ్రాసిన డైరెక్టరీ మార్గమున ముందునకు వచ్చును. చిన్న ఎల్ మనిషి పేరు, పెద్ద ఎల్ వీధి పేరు అనుకొనవచ్చును.

సామాన్యముగా ప్రోగ్రాము వ్రాయువారు లింకరును నేరుగా పిలువరు. సీసీ అను ఆజ్ఞను పిలుతురు. ఈ సీసీ నిజమునకు అనువాదము చేయదు. అది ఒక మేస్త్రీ వంటిది. అనువాదకుని ఒకసారి, అసెంబ్లరును ఒకసారి, చివరకు లింకరును పిలిచి, పిలుచునపుడు అడుగకుండగనే సీ భాషా లైబ్రరీ పేరును, ప్రోగ్రామును ఆరంభించు చిన్న ముక్కను జతపరచును. కావున ఒక సాధనము ముందు నిలిచి, దానికి అందవలసిన మాటలను సరిదిద్ది పంపు "తొడుగు" అను భావము సీసీతోనే మొదలైనదనుట తగును. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ వెలువరించిన జీసీసీ కూడ ఈ పద్ధతినే అనుసరించెను.

నకలుకు బదులు పేరు

అంతవరకు లింకరు లైబ్రరీ భాగమును నకలు తీసి ప్రోగ్రాములో చేర్చెడిది. ప్రోగ్రాము ఒకసారి తయారైనచో దానికి ఇక లైబ్రరీతో పనిలేదు. వెదకుట ఒక్కమారే. కాని ఒకే లైబ్రరీ వందల ప్రోగ్రాములలో వందల నకళ్ళుగా ఉండుటచే డిస్కు, జ్ఞాపకశక్తి వృథా అగుచుండెను. 1960లలోనే మల్టిక్స్ వ్యవస్థ వేరొక దారి చూపెను. అందు నకలు తీయరు. ప్రోగ్రాము నడుచునపుడే కావలసిన భాగమును వెదకి తెచ్చి కలుపుదురు. 1988లో సన్ సంస్థవారి సన్ఓఎస్ 4.0తో ఈ పంచుకొను లైబ్రరీలు యూనిక్సులో వ్యాపించెను. పిమ్మట సిస్టమ్ ఫైవ్ నాలుగవ కూర్పుతో వచ్చిన ఎల్ఫ్ అను ఫైలు రూపమును లినక్సు కూడ గ్రహించినది.

ఎల్ఫ్ ఫైలులో ప్రోగ్రామునకు కావలసిన లైబ్రరీల పేర్లు మాత్రము వ్రాయబడి ఉండును. అనగా వెదకుట ఇప్పుడు రెండుమారులు జరుగును. ప్రోగ్రామును తయారుచేయునాడు లింకరు ఒకసారి వెదకును. నడుపునాడు లోడరు మరల వెదకును. విద్యార్థులు ముఖ్యముగా గుర్తింపవలసిన విషయమిది. పెద్ద ఎల్‌తో చెప్పిన వీధి మొదటి వెదకులాటకే పనికివచ్చును. అది ప్రోగ్రాములో వ్రాయబడదు. కావున ప్రోగ్రాము ఏ అడ్డంకియు లేక తయారగును, ఆరంభింపగనే లైబ్రరీ దొరకలేదని ఆగిపోవును. క్రొత్తగా నేర్చుకొనువారిని నేటికిని కలవరపెట్టు సంగతి యిదే.

లింకరు ఆ వీధిని తానే ఎందుకు వ్రాయరాదు? అందుకు కారణము లేకపోలేదు. తయారుచేయునపుడు లైబ్రరీ తాత్కాలికముగా ఒకచోట ఉండి, తరువాత వేరొకచోట నెలకొనవచ్చును. పనివాని కొట్టము చిరునామాను గృహస్థుని ఇంటి చిరునామాగా వ్రాయుట తప్పు కదా!

ఎల్ఫ్ ఇందుకు ఒక చోటు కల్పించినది. ఆర్‌పాత్ అను గడిలో పూర్తి చిరునామాను వ్రాయవచ్చును. లోడరు మొదట ఆర్‌పాత్‌ను చూచును. పిదప ఎల్‌డీ లైబ్రరీ పాత్ అను పరిసర చలరాశిని, ఆ పిదప వ్యవస్థ సాధారణ డైరెక్టరీలను చూచును. తరువాత వచ్చిన రన్‌పాత్ అను గడి ఉన్నచో ఆర్‌పాత్‌ను లెక్కచేయరు. రన్‌పాత్‌ను ఆ చలరాశి తరువాతనే చూతురు. పైగా రన్‌పాత్ ప్రోగ్రాము నేరుగా కోరిన లైబ్రరీలకే వర్తించును. ఆ లైబ్రరీలు కోరు లైబ్రరీలకు వర్తింపదు.

తొందరలో ఉన్నవారు ఆ చలరాశినే ఆశ్రయింతురు. కాని అది ఒక ప్రోగ్రామునకు కాదు, అక్కడ నడుచు అన్నింటికిని వర్తించును. ఒకదానికి మేలుచేయబోయి వేరొకదానికి తప్పు లైబ్రరీని అంటగట్టును. అందలి జాబితాలో పొరపాటున ఒక ఖాళీ మిగిలినచో దానిని "ప్రస్తుతము ఉన్న డైరెక్టరీ" అని లోడరు గ్రహించును. అక్కడ దుష్టుడెవడైన నకిలీ లైబ్రరీని పెట్టియుంచిన ప్రోగ్రాము దానినే తెచ్చుకొనును. అందుచేతనే ప్రత్యేకాధికారములతో నడుచు ప్రోగ్రాముల విషయమున లోడరు ఈ చలరాశిని పట్టించుకొనదు.

తొడుగు వచ్చుట

2000 ప్రాంతమునకు ఒక కంప్యూటరుపై వేలకొలది ప్యాకేజీలు సామాన్యమైనవి. ఒక్కొక్క దానిని ఒక్కొక్కరు వ్రాసినారు. తయారుచేయు విధానము ఎవరిది వారిదే. కొన్ని ప్యాకేజీలు చెప్పకుండగనే యూఎస్ఆర్ లిబ్‌లో తొంగిచూచి, అక్కడ దొరికిన దానిని వాడుకొనును. వ్రాసినవాని యంత్రముపై ఆ లైబ్రరీ ఉన్నది కనుక పని జరుగును. అది తనకు కావలెనని అతనికే తెలియదు. వేరొకని యంత్రముపై అదే ప్యాకేజీ విఫలమగును, లేక అంతకన్న ప్రమాదముగా వేరొక కూర్పు లైబ్రరీతో కలిసి వేరొక ఫలితమిచ్చును. ఒక ప్రయోగమును ఇంకొకరు మరల చేసి చూచినపుడు అదే ఫలితము రావలెననుట విజ్ఞానశాస్త్రమునకు పునాది. లెక్కించిన సాధనమే మారినదని ఎరుగనివాడు ఫలితమును ఎట్లు సరిచూడగలడు?

హాలండు దేశమున యూట్రెక్ట్ విశ్వవిద్యాలయములో ఈల్కో డోల్‌స్ట్రా ఈ సమస్యను చేపట్టెను. అతని నిక్స్ వ్యవస్థ 2004 నాటి పరిశోధన వ్యాసములోను, 2006లో సమర్పించిన సిద్ధాంతగ్రంథములోను వివరింపబడినది. నిక్స్‌లో యూఎస్ఆర్ లిబ్ వంటి ఉమ్మడి అర లేదు. ప్రతి ప్యాకేజీకి స్టోరులో సొంత డైరెక్టరీ. దాని పేరునకు ముందు 32 అక్షరముల ముద్ర ఉండును. మూలపాఠము, కంపైలరు, లైబ్రరీలు, తయారీ ఆజ్ఞలు అన్నింటినిబట్టి ఆ ముద్రను గణింతురు. అది 160 బిట్ల సంఖ్య. ఒక్కొక్క గుర్తు 5 బిట్లను తెలుపును గనుక 160ని 5చే భాగించిన 32 వచ్చును. 10 అంకెలు, 22 ఇంగ్లీషు అక్షరములు కలిపి 32 గుర్తులు. ఈ, ఓ, యూ, టీ అను నాలుగు అక్షరములను విడిచిరి. యాదృచ్ఛికముగా అసభ్యపు మాటలు ఏర్పడకుండుటకే ఈ జాగ్రత్త!

చిరునామాలు ఏర్పడినవి. వానిని ప్రతి ప్రోగ్రాములో వ్రాయుట ఎట్లు? వేల ప్యాకేజీల తయారీ ఆజ్ఞలను ఒక్కొక్కటిగా దిద్దుట అసాధ్యము. కాని అవి అన్నియు చివరకు కంపైలరును పిలిచి తీరవలెను. ఆ ద్వారమున ఒక కావలివానిని నిలిపినచో చాలును. అదియే కంపైలరు తొడుగు.

తొడుగు ఒక చిన్న ప్రోగ్రాము. పేరు కంపైలరు పేరే. ప్యాకేజీ తాను కంపైలరునే పిలుచుచున్నాననుకొని దీనిని పిలుచును. తొడుగు వచ్చిన మాటలను చదివి, ఆ ప్యాకేజీ ఆధారపడిన వాటి డైరెక్టరీలను పెద్ద ఎల్‌తో జోడించి, అసలు కంపైలరునకు అందించును. లింకరు ముందు ఇట్టి తొడుగే మరొకటి ఉన్నది. అది చిన్న ఎల్‌తో వచ్చిన ప్రతి పేరును తీసికొని, పెద్ద ఎల్ వీధులలో అదే వరుసన వెదకి, ఏ వీధిలో మొదట దొరికినదో ఆ వీధిని ఆర్‌పాత్‌గా వ్రాయించును. లింకరు తయారీనాడు చూచిన లైబ్రరీయే నడుపునాడు లోడరునకు దొరకును. రెండు వెదకులాటలు ఒక్కటైనవి.

ఈ కావలివానికి తిరస్కరించు అధికారము కూడ గలదు. ఎవరైన యూఎస్ఆర్ లిబ్ అని స్టోరు వెలుపలి వీధిని చెప్పినచో, శుద్ధిని పాటింపవలెనను ఆజ్ఞ ఉన్నపుడు తొడుగు ఆ మాటను అవతలకు పంపదు. దాచియుంచిన ఆధారము అప్పుడు బయటపడును. ప్యాకేజీ అప్పటికప్పుడే విఫలమగును. ఇది నష్టమువలె తోచినను నిజమునకు లాభమే. తప్పు ఎవరో తెలియని వాడుకరి ఇంటిలో కాక తయారీశాలలోనే పట్టుబడినది.

ఇంకొక ప్రయోజనము కూడ ఉన్నది. ప్రోగ్రాము తయారైన పిదప నిక్స్ దానిలోని బైట్లన్నింటిని గాలించి, అందు ఏ ముద్రలు కనపడునో చూచును. కనపడినవి నడుచుటకు కావలసిన ఆధారములు. ఆర్‌పాత్‌లో వ్రాయబడిన చిరునామాయే ఆధారమునకు సాక్ష్యమగుచున్నది. అందుచేత అనవసరపు వీధులు అందు మిగులరాదు. వానిని తొలగించుటకు ప్యాచెల్ఫ్ అను సాధనమును కల్పించిరి.

తొడుగునకు తెలియని సంగతులును గలవు. కొన్ని ప్రోగ్రాములు నడుచుచుండగా మధ్యలో ఏదో అవసరము కలిగి ఒక లైబ్రరీని పేరుపెట్టి తెప్పించుకొనును. ఆ పేరు లింకరు చెవిని పడలేదు కావున తొడుగు దానికి చిరునామా వ్రాయజాలదు. అట్టి వానికి చేతితోనే చికిత్స చేయవలెను.

మహాయంత్రములపై

ఇదే ఉపాయమును వేరొక అవసరముపై అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో టాడ్ గాంబ్లిన్ చేపట్టెను. 2013లో మొదలైన అతని స్పాక్ వ్యవస్థను గూర్చి 2015లో ఆస్టిన్ నగరమున సూపర్‌కంప్యూటర్ల మహాసభలో వ్యాసము చదువబడినది. అట్టి యంత్రములపై ఒకే గణితలైబ్రరీ నాలుగైదు కంపైలర్లతో, నాలుగైదు సందేశలైబ్రరీలతో వేర్వేరుగా తయారై ఉండును. ఒక కంపైలరుతో చేసినదానిని మరొకదానితో చేసినదానికి అతికించినచో ప్రోగ్రాము కూలిపోవచ్చును. స్పాక్ కూడ ప్రతి కూర్పునకు ఒక ముద్రను, సొంత డైరెక్టరీని ఇచ్చి, సీ, సీ ప్లస్ ప్లస్, ఫోర్ట్రాను కంపైలర్లకు తొడుగులు వేసి ఆర్‌పాత్‌ను వ్రాయించెను. లూడొవిక్ కూర్తెస్ 2012లో ప్రకటించిన గిక్స్ అను వ్యవస్థలోను లింకరు తొడుగు గలదు.

వేరొక వాదము

ఈ పద్ధతిని అందరును మెచ్చలేదు. డెబియన్ వంటి లినక్సు పంపిణీలవారు ఆర్‌పాత్‌ను సామాన్యముగా వలదందురు. వారి కారణమునకు 2014 ఏప్రిలు మంచి నిదర్శనము. ఆ నెలలో ఓపెన్ఎస్ఎస్ఎల్ అను రహస్యలిపి లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అను పెద్ద లోపము బయటపడినది. దూరమున నున్నవారు సర్వరు జ్ఞాపకశక్తిలోని రహస్యములను చదువుటకు అది వీలిచ్చెను. లైబ్రరీ ఉమ్మడి అరలో ఒక్కటే ఉన్నచోట ఆ ఒక్క ఫైలును మార్చి ప్రోగ్రాములను మరల ఆరంభించిన చాలును. ప్రతి ప్రోగ్రాములో పాత కూర్పు పూర్తి చిరునామా వ్రాసియున్నచోట ప్రతి ప్రోగ్రామును మరల తయారుచేయవలెను. గిక్స్‌వారు దీనికి అంటు కట్టుట అను మార్గము కనిపెట్టిరి. ప్రోగ్రాములోని పాత చిరునామాను అదే పొడవుగల క్రొత్త చిరునామాతో మార్చుటయే ఆ అంటు.

కావున రెండు వాదములలోను న్యాయమున్నది. ఊరిలో వైద్యుడు ఒక్కడే ఉన్నపుడు "వైద్యునికి" అని వ్రాసిన జాబు వైద్యుడు మారినను క్రొత్తవానికి చేరును. అది ఒక సౌకర్యము. కాని నిరుడు నాకు మందిచ్చిన ఆ వైద్యునికే అది చేరవలెనన్నచో పేరు, వీధి, ఇంటి నెంబరు వ్రాయక తప్పదు. మొదటిది మార్పును సులభము చేయును. రెండవది నిశ్చయమునిచ్చును.

కేంబ్రిడ్జి బీరువానుండి పట్టీ తీసిన విద్యార్థికి తాను ఏది తీసెనో తెలియును. వెదకుట యంత్రమునకు అప్పగించిననాడు ఆ ఎరుక మనిషి చేయిజారినది. కంపైలరు తొడుగు క్రొత్త లెక్క ఏదియు చేయదు, యంత్రమునకు వేగమును ఇయ్యదు. ఈ ప్రోగ్రాము దేనిపై నిలిచినదను ప్రశ్నకు వ్రాతమూలకమైన జవాబును మిగుల్చును. ప్రయోగశాలలో రికార్డు పుస్తకము వ్రాయు విద్యార్థి ఏ తక్కెడతో తూచినదీ, ఏ సీసాలోని ద్రావకము తీసినదీ ఎందుకు వ్రాయవలెనని ఉపాధ్యాయుని అడుగుట కద్దు. అతనికి చెప్పదగిన జవాబులలో ఇదియు నొకటి.